కుంపటి పేరు, పెనము పని

మన ఇండ్లలో కుంపటి ప్రభ తగ్గి చాలకాలమైనది. గ్యాసు పొయ్యి వచ్చిన పిదప అది వంటింటినుండి పెరటిలోనికి, పెరటినుండి అటకమీదికి, అటకనుండి పాతసామానువాని బండిమీదికి చేరినది. అయినను నివురు గప్పిన బొగ్గులును, విసనకఱ్ఱతో విసరగానే చిటచిటలాడి లేచు రవ్వలును పెద్దలకు జ్ఞాపకము లేకపోదు. జపాను దేశములో దీనికి దగ్గరి చుట్టము ఒకటి కలదు. దాని పేరు హిబాచి. ఆ మాటకు నిప్పుల గిన్నె యని అర్థము. కొయ్యతోనో, కంచుతోనో, పింగాణితోనో చేసిన పాత్రలో సగము వరకు బూడిద నింపి, నడుమ నాలుగు బొగ్గులు రగిల్చి, చలికాలమున దాని చుట్టు కూర్చుండి చేతులు కాచుకొనుట అక్కడి ఆచారము. మీద ఒక కెటిలు పెట్టి తేనీరు కాచుకొనుటయు కలదు. కాని ఇంటిల్లిపాదికి వంట చేయుటకు అది ఉద్దేశింపబడినది కాదు. ఇరువదవ శతాబ్ది నడుమ కిరసనాయిలు పొయ్యిలు, విద్యుత్తు పరికరములు వచ్చినంతనే అదియు మన కుంపటి త్రోవనే పట్టినది. నేడు అక్కడ కొందరు దానిలో పూలమొక్కలు పెంచుచున్నారు.

ఇట్లుండగా, అమెరికాలో ఏ పట్టణమునకు పోయినను హిబాచి యను పేరుగల భోజనశాల కనబడును. అందులో నిప్పుల గిన్నె మాత్రము ఉండదు. కొంతకాలము క్రిందట ఆ దేశములో ఉద్యోగము చేయుచున్న బంధువుల ఇంటికి మేము పోయినప్పుడు, వారు మమ్ము ఒక సాయంకాలము అట్టి చోటికి కొనిపోయిరి. మంచమంత ఇనుప పెనము. దానికి మూడు వైపుల పీటవలె చెక్క. ఆ చెక్క ముందు ఎనిమిదిమంది కూర్చుండిరి. వారిలో మా కుటుంబమువారు నలుగురు, ఎన్నడును ఎరుగనివారు నలుగురు. ఎత్తైన ఎఱ్ఱ టోపీ పెట్టుకొని వంటవాడు వచ్చెను. రెండు అట్లకాడలను తాళములవలె వాయించెను. కోడిగ్రుడ్డును అట్లకాడ అంచుమీద గిరగిర త్రిప్పి, గాలిలోనికి ఎగురవేసి, దాని అంచుననే పగులగొట్టెను. ఉల్లిచక్రములను ఒకదానిపై నొకటి గోపురముగా పేర్చి, నడుమ నూనె పోసి అంటించగా, అగ్నిపర్వతమువలె మంట లేచెను. పిల్లలు కేరింతలు కొట్టిరి. రొయ్య తోకను అట్లకాడతో ఎగురగొట్టి తన టోపీలో పడునట్లు చేసినప్పుడు పెద్దలును చప్పట్లు కొట్టక తప్పలేదు. మాంసము తినని మా వదినగారు మాత్రము తన కూరగాయలకు పెనములో ఒక మూల విడిగా తుడిచి యుంచవలెనని ముందే అడిగి, ఆ మూలమీదనుండి చూపు త్రిప్పలేదు. ఆవలిగోడ ప్రక్కన పొడవైన బల్ల వెనుక మరియొకడు చప్పుడు చేయకుండ అన్నపు పిడచలపై చేపముక్కలు అద్దుచుండెను. అది సుషి.

అప్పుడు మా తమ్ముని కుమార్తె, తొమ్మిదేండ్ల పిల్ల, మమ్ము నొక ప్రశ్న అడిగినది. "పెదనాన్నా, జపానులో అందరూ రోజూ ఇలాగే తింటారా?" మేము తడబడితిమి. చరిత్ర చదువుకొన్నవారమని పేరే గాని, ఆ పూట మా దగ్గర సరియైన జవాబు లేకపోయినది. ఆ పిల్లకు మేము పడిన బాకీయే ఈ ప్రసంగము.

తినరు. ఆ మంటల వేడుక జపానులో పుట్టినది కొంత, అమెరికాలో పెరిగినది చాల. దాని వయస్సు ఒక మనుష్యుని ఆయువును మించదు. గోడ ప్రక్కనున్న సుషి మాత్రము పురాతనమైనదని ఎవ్వరైన చెప్పుదురు. అది నిజమే, కాని ఆ పురాతనమైన సుషికిని, మేము ఆ రాత్రి చూచిన దానికిని పోలిక కనుగొనుట అంత సులభము కాదు.

సుషి యనగా పచ్చిచేప యని మనలో పలువురి తలంపు. ఆ మాటకు మూలార్థము పులిసినది యని. ఆగ్నేయాసియాలో మెకాంగు నదీప్రాంతమున వరి పండించి, ఆ మడులలో దొరకు చేపలను నిలవ చేసికొనినవారి ఉపాయము ఇదియని పండితులు చెప్పుదురు. చేపను ఉప్పులో ఊరవేసి, తరువాత వండిన అన్నముతో కలిపి కొయ్యతొట్టిలో పొరలు పొరలుగా నింపి, మూతమీద బరువురాళ్లు పెట్టవలెను. అన్నము పులిసి ఆమ్లమగును; ఆ ఆమ్లము చేపను చెడనీయదు. నెలలు, ఒకప్పుడు సంవత్సరములు గడచిన తరువాత తీసి, చేపను తిని, జావవలె మారిన అన్నమును పారవేయుదురు. మన ఊరగాయ జాడీలో ఉప్పునకు ఎట్టి పని కలదో అక్కడ అన్నమునకు అట్టి పని. జపానులో బివా సరస్సు తీరమున, షిగా మండలములో, ఫునజుషి యను పేరుతో ఈ పద్ధతి నేటికిని నిలిచియున్నది. వాసన ఘాటు, క్రొత్తవారు మొదటి ముద్దకే లేచిపోవుదురట. క్రీ. శ. 927లో ముగిసిన ఎంగిషికి యను రాజశాసన గ్రంథములో, మండలములవారు రాజధానికి చెల్లింపవలసిన పన్నులలో సుషియు ఒకటిగా లెక్కింపబడినది. పన్నుగా పంపదగినంత నిలవయుండు పదార్థము కనుకనే అది ఆ జాబితాకెక్కినది.

బియ్యము విలువైనది. దానిని పారవేయుటకు అందరికిని మనసొప్పదు. కొన్ని శతాబ్దులకు జనులు చేప పూర్తిగా పులియక మునుపే తొట్టి తెరచి అన్నమును గూడ తినసాగిరి. పిమ్మట మరికొందరు, పులియువరకు కాచుకొనుట యెందుకని, అన్నములో సిర్కాయే కలుపసాగిరి. ఇది తెలుగువారికి బోధపడని విషయము కాదు. తరవాణి కుండలో అన్నము పులియబెట్టుట ఒక పద్ధతి. చింతపండు పులుసు పోసి అప్పటికప్పుడు పులిహోర కలుపుట మరియొక పద్ధతి. నాలుక కోరునది పులుపే. కాలము మాత్రము వేరు. సుషి చరిత్రయంతయు తరవాణినుండి పులిహోరకు జరిగిన ప్రయాణమనిన తప్పుకాదని మాకు తోచుచున్నది.

ఈ ప్రయాణము ఎదో నగరములో వేగమందుకొన్నది. నేటి టోక్యోయే నాటి ఎదో. పదునెనిమిదవ శతాబ్దినాటికే అక్కడ పదిలక్షల జనము. అందులో ఊరు విడిచి పనికై వచ్చిన ఒంటరి మగవారు మెండు. వడ్రంగులు, కూలీలు, ప్రభువుల వెంట వచ్చిన భటులు. కొయ్య ఇండ్ల నగరము కావున అగ్నిప్రమాదములకు లెక్కలేదు. మరల కట్టువారికి పనికిని లెక్కలేదు. ఇట్టివారికి నిలుచుండి, రెండు క్షణములలో తిని పోదగిన తిండి కావలెను. 1820 ప్రాంతమున హనాయ యోహే యను వర్తకుడు అన్నపు పిడచపై చేపముక్క నుంచి చేతితో నొక్కి అమ్మనారంభించెనని ప్రసిద్ధి. అతడొక్కడే కనిపెట్టెనో, అంతకుముందే పలువురు చేయుచున్నదానికి అతడు పేరు తెచ్చెనో నిర్ణయించుట కష్టము. వంటకములకు జన్మపత్రికలు ఉండవు గదా! ఆ పిడచ నేటిదానికి రెండు మూడింతలు పెద్దది. పచ్చిచేపయు తక్కువే, మంచు పెట్టెలు లేని కాలమున చేపను సోయా రసములో నానవేయుటో, సిర్కాలో ఊరవేయుటో, ఉడికించుటో చేసిరి. నేడు బంగారము వెలకు అమ్ముడుపోవు ట్యూనా చేప పొట్టభాగమును, క్రొవ్వు ఎక్కువగుటచే త్వరగా చెడునని, అప్పుడు తీసి పారవేసిరి.

ఇందులో మరియొక చిన్న సంగతి కలదు. బియ్యపు సిర్కా ఖరీదైనది. ఒవారి సీమలో హండా యను రేవుపట్టణమున నకానో మతజాయెమోను అను సారాయి వర్తకుడు, సాకే తీయగా మిగిలిన పిప్పినుండి సిర్కా తయారుచేయ నారంభించి 1804లో ఆ వ్యాపారమును వేరుగా స్థాపించెను. ఎఱ్ఱని రంగుగల ఆ చౌక సిర్కా ఓడలమీద ఎదో చేరినది. బండిమీద అమ్మువాని సుషికి అది ఊపిరి పోసినది. ప్రపంచ ప్రసిద్ధమైన ఒక వంటకము వెనుక ఒక సారాయి బట్టీవాని పిప్పి యున్నదని తెలిసినప్పుడు మాకు చాల ముచ్చట కలిగినది.

ఎదో సుషి ఎదో దాటుటకు రెండు విపత్తులు కారణమైనవి. 1923 సెప్టెంబరు 1వ తేదీన వచ్చిన కాంటో భూకంపమును, దాని వెనువెంట లేచిన మంటలును టోక్యోను నేలమట్టము చేసినవి. లక్షమందికి పైగా మరణించిరి. అంగళ్లు పోగొట్టుకొన్న సుషి పనివారు పొట్ట చేతపట్టుకొని స్వగ్రామములకు పోయి, తమ విద్యను అక్కడ నాటిరి. రెండవది యుద్ధానంతరపు కరవు. బియ్యము రేషనులో నున్నది. 1947 జూలైలో ప్రభుత్వము భోజనశాలలను మూయించు అత్యవసర శాసనము చేసినది. అప్పుడు టోక్యో సుషి వర్తకులు అధికారులతో ఒక వాదము చేసిరి. మేము అన్నము అమ్మము; గిరాకీదారులు తెచ్చిన బియ్యమును సుషిగా మార్చి ఇత్తుము; మాకు కూలి మాత్రమే చాలును, అనిరి. మన ఊళ్లలో మరవాడు మన బియ్యమునే పిండి పట్టి కూలి పుచ్చుకొనుట వంటిదే ఇది. అధికారులు ఒప్పుకొనిరి. ఒక గో, అనగా సుమారు 150 గ్రాముల బియ్యము తెచ్చినవానికి పది సుషులు ఇచ్చుట నియమమైనది. ఇతర మండలములవారును ఇదే త్రోవ పట్టిరి. ఒసాకా ప్రాంతమున కొయ్య అచ్చులో నొక్కి కోయు సుషి మొదలైన స్థానిక పద్ధతులు ఎన్నో యున్నను, చేతితో నొక్కిన టోక్యో పద్ధతియే దేశమంతట సుషి యను పేరు దక్కించుకొన్నది. జపాను జాతీయ వంటకమని నేడు లోకము చెప్పుకొనునది ఒక రేషను నియమము మూలమున దేశమంతట వ్యాపించినదన్నమాట.

ఇక పెనము కథ. అదియు అదే యుద్ధపు బూడిదనుండి పుట్టినది. ముందొక మాట చెప్పవలెను. క్రీ. శ. 675లో తెమ్ము చక్రవర్తి పశుమాంస భక్షణమును నియమించుచు శాసనము చేసినది మొదలు, పన్నెండు వందల యేండ్లపాటు జపానులో గోమాంసము సామాన్యుని కంచములోనికి రాలేదు. రహస్యముగా, మందు పేరున తిన్నవారు లేకపోలేదు. 1872లో మెయిజీ చక్రవర్తి మాంసము భుజించుచున్నాడను వార్త వెలువడిన తరువాతనే జంకు తీరినది. కావున పెనముమీద వేగు ఆ మాంసపు ముక్క జపానులో క్రొత్త అతిథియే.

కోబె పట్టణము 1945లో అమెరికా బాంబులకు కాలిపోయినది. ఆ సంవత్సరమే అక్కడ ఫుజియోక షిగెజి యనువాడు మిసోనో యను చిన్న అంగడి తెరచి, ఇనుప పలకపై మాంసము వేయించి పెట్టసాగెను. దీనినే జపానువారు తెప్పన్‌యాకి యందురు. ఇనుప పలకపై వేపుడు అని అర్థము. ఊరిని కాల్చిన దేశపు సైనికులే విజేతలై వచ్చి ఆ పలక ముందు కూర్చుండిరి. కన్నులయెదుట కత్తి ఆడుట, మాంసము చిటపటలాడుట వారికి మిక్కిలి నచ్చినది. స్థానికులకంటె విదేశీయులే దానిని ఎక్కువగా ఆదరించిరని చెప్పుదురు. అంగడివాని స్థానములో మనముండిన ఏమి చేసియుందుము? పొయ్యిలో పిల్లి లేచినప్పుడు గిరాకీదారుని జెండా ఏదియని ఎవ్వడును అడుగడు.

అదే కాలమున టోక్యో శిథిలములలో అయోకి యను కుటుంబము కాఫీ అంగడి పెట్టినది. కాలిన ఇటుకల నడుమ పూచిన ఒక ఎఱ్ఱ కుసుమపువ్వును చూచి, బెనిహానా యను దాని పేరునే అంగడికి పెట్టిరట. ఆ ఇంటి కుమారుడు హిరోయాకి, 1938లో పుట్టినవాడు, మల్లయోధుడు. 1960 ప్రాంతమున అమెరికా చేరి, న్యూయార్కులో హార్లెము పేటలో బండిమీద ఐసుక్రీము అమ్మి డబ్బు కూడబెట్టి, 1964లో ఆ నగరమున 56వ వీథిలో నాలుగు పెనములతో బెనిహానా భోజనశాల తెరచెను. మొదట ఈగలు తోలుకొనుటయే పని. కొన్ని నెలలకు హెరాల్డ్ ట్రిబ్యూను పత్రికలో క్లెమెంటీన్ పాడిల్‌ఫోర్డు అను ప్రసిద్ధ విమర్శకురాలు మెచ్చుకొని వ్రాయగా జనము విరుగబడిరి.

అయోకి గ్రహించిన రహస్యము ఒకటే. అమెరికా వారికి క్రొత్త చోటు కావలెను. క్రొత్త తిండి వద్దు. కావున దూలములు, కాగితపు తలుపులు, దీపములు జపానువి. పెనముమీద మాత్రము వారెరిగిన మాంసము, కోడి, రొయ్యలు. వంటవాడు ముందే యున్నందున వంటగదికి స్థలము తగ్గును. ఎనిమిదిమందిని చేర్చి కూర్చుండబెట్టుటచే ఒక్క వంటవాడు ఎనిమిదిమందికి చాలును. 1972లో హార్వర్డు వ్యాపార విద్యాలయము దీనిని పాఠముగా చేసి విద్యార్థులకు బోధించినది. వ్యాపారము పెరిగినది, అనుకరించువారు వేలకొలది బయలుదేరిరి. అంతకుముందే జపానునుండి దిగుమతియైన చిన్న బొగ్గుల పొయ్యిలను అమెరికావారు హిబాచి యని పిలుచుచుండిరి. తెప్పన్‌యాకి యనుటకు నాలుక తిరుగదు. హిబాచి యనుట సులభము. ఇట్లు కుంపటి పేరు పెనమునకు అంటుకొన్నది.

ఇంతవరకు చెప్పినది వినోదముగానే తోచును. కాని ఆ పెనమునకు చప్పట్లు కొట్టిన జనమే, ఇరువది రెండు సంవత్సరములు ముందుగా ఏమి చేసెనో విడిచి ఈ చరిత్ర చెప్పుట న్యాయము కాదు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకము చేసిన 9066వ సంఖ్యగల ఉత్తరువు ననుసరించి, పడమటితీరమున నివసించు జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది తమ ఇండ్లనుండి తరలింపబడి శిబిరములలో బంధింపబడిరి. వారిలో మూడింట రెండు వంతులవారు అమెరికాలో పుట్టిన పౌరులు. రెండు చేతులకు పట్టినంత సామాను మాత్రమే తీసికొనిపోనిచ్చిరి. లాసేంజిలిసులోని లిటిల్ టోక్యో పేట ఒక్కసారిగా ఖాళీయైనది. వంటశాలలు, తినుబండారముల అంగళ్లు, సోయా పీపాలు అన్నియు అయినకాడికి అమ్ముడుపోయినవి. దక్షిణ రాష్ట్రములనుండి వచ్చిన నల్లవారు ఆ ఇండ్లలో నివసింపగా, యుద్ధకాలమున ఆ పేటకు బ్రాంజ్‌విల్ అను పేరే పడినది. యుద్ధము ముగిసి తిరిగి వచ్చినవారు మొదటినుండి ఆరంభింపవలసివచ్చెను. 1988లో గాని అమెరికా ప్రభుత్వము క్షమాపణ చెప్పి, బ్రదికియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చుటకు శాసనము చేయలేదు.

ఆ లిటిల్ టోక్యోలోనే, 1960ల నడుమ, కవాఫుకు అను భోజనశాలలో సుషి బల్ల వెలసినది. మొదట జపాను వర్తకులు, వారి వెంట వారి అమెరికా స్నేహితులు, పిమ్మట సినిమావారు వచ్చిరి. అదే పేటలో టోక్యో కైకాన్ అను మరియొక శాలలో, ట్యూనా క్రొవ్వుభాగము దొరకని దినములలో, దానివలెనే నోట కరగునని అవకాడో పండును పీతమాంసముతో చేర్చి చుట్టిరని చెప్పుదురు. నల్లని సముద్రపు నాచును చూచి జడిసి ఒలిచివేయు గిరాకీదారులకొరకు నాచును లోపలికి, అన్నమును వెలుపలికి త్రిప్పిరి. కాలిఫోర్నియా చుట్టయని పేరుపొందిన దానికి తామే కర్తలమని కెనడా దేశపు వాంకూవరునుండియు వాదన కలదు. కర్త యెవరైనను, అది కొరత తీర్చుకొనుటకు పుట్టినదే. ఆ లెక్కన యోహే పిడచకు అది సోదరియే.

2006లో జపాను వ్యవసాయ మంత్రిత్వశాఖకు ఒక ఆలోచన తట్టినది. విదేశములలోని జపాను భోజనశాలలలో ఏవి శుద్ధమైనవో పరీక్షించి ముద్ర వేయవలెనని. అమెరికా పత్రికలు దీనికి సుషి పోలీసు అని పేరుపెట్టి పరిహసించినవి. మరుసటి సంవత్సరము ఆ పథకము మెత్తబడి, ముద్ర మాట వెనుకబడినది. అధికారుల బాధ మాకు అర్థము కాకపోలేదు. మన పులిహోరలో ఎవ్వరైన పాలమీగడ కలిపి తెలుగు వంటకమని అమ్మినచో మేమును ఊరకుండము. కాని ముద్ర ఏ సంవత్సరపు సుషికి వేయవలెను? 927 నాటి పన్ను సుషికా, పొట్టభాగము పారవేసిన ఎదో సుషికా, 1947 నాటి కూలి సుషికా? నేటి జపానులో పిల్లలు ఇష్టపడి తిను పచ్చి సాల్మను సుషి 1980ల తరువాత నార్వే దేశపు వర్తకుల ప్రోద్బలముచే వచ్చినది. తమ సముద్రపు సాల్మనులో పురుగు భయముండుటచే అంతకుముందు జపానువారు దానిని పచ్చిగా తినలేదు. తిరుగు పట్టాపై పళ్లెములు నడచు పద్ధతిని 1958లో ఒసాకా ప్రాంతమున షిరైషి యోషియాకి ఆరంభించినది బీరు సీసాల కర్మాగారమును చూచియే. ముద్ర వేయువాని చేయి ఎక్కడ ఆగును?

కల్తీయను మాట వాడవలసిన చోటు మాత్రము మరియొకటి కలదు. 1960లో జపాను యువరాజు అకిహితో అమెరికా పర్యటించినప్పుడు షికాగో నగరాధ్యక్షుడు బ్లూగిల్ అను చిన్న చేపలను కానుకగా ఇచ్చెను. తిండికి పనికివచ్చునను ఆశతో వానిని పరిశోధనాలయములలో పెంచిరి. అవి అక్కడనుండి నదులలోనికి, సరస్సులలోనికి, బివాలోనికి ప్రాకినవి. స్థానికములైన చేపల గ్రుడ్లను, పిల్లలను తినివేసినవి. గట్లు కట్టి రెల్లుపొదలు నరికివేయుటచే చేప గ్రుడ్లుపెట్టు తావులును తగ్గినవి. ఫునజుషికి పనికివచ్చు నిగోరోబునా చేప అరుదైపోయి వెల పెరిగినది. 2007లో, అప్పటికి చక్రవర్తియైయున్న అకిహితో, ఆ సరస్సు తీరముననే ఓత్సు పట్టణములో జరిగిన సభలో ఆ చేపలను తెచ్చినది తానేయని చెప్పి, అందుకు తన మనసు నొచ్చుచున్నదని ప్రకటించెను.

బివా తీరమున కొన్ని ఇండ్లలో మాత్రము ఇప్పటికిని వసంతమున చేపను ఉప్పులో వేసి, వేసవి ముదిరినప్పుడు అన్నముతో తొట్టికెత్తి, మూతపై రాళ్లు పెట్టుచున్నారు. వచ్చు నూతన సంవత్సరపు పండుగకు తొట్టి తెరచెదరు. మా తమ్ముని కుమార్తెకు ఈ సంగతులన్నియు ఉత్తరములో వ్రాసి పంపితిమి. అంత వాసనవేయు చేపను తినిన మొదటి మనిషి ఎవ్వరని ఆమె తిరుగుటపాలో అడిగినది.